గురి తప్పితే ఆ బాకీ ఎవరిది?

సుబేదారిలో ఓ పెద్దాయన ఇంటికి వెళ్లినప్పుడు గోడమీద పాత ఫొటో ఒకటి కనిపించింది. ఖాకీ నిక్కరు, భుజాన రైఫిలు, కాళ్ల దగ్గర చచ్చిపడిన అడవిపంది. ‘మా నాయన. అరవై ఆరులనో, అరవై ఏడులనో... పర్మిటు తీస్కొని నర్సంపేట దిక్కు పోయిండు’ అన్నారాయన. ‘పులుల్ని కూడా కొట్టారా?’ అని ఆత్రంగా అడిగాను. ఆయన నవ్వారు. ‘అందరు గదే అడుగుతరు. ఏ తూటా ఏసిండు, ట్రిగ్గర్ ఎంత బరువు వెట్టిండు అని ఒక్కలన్న అడగరు. అసలు ముచ్చట గక్కడుంది బిడ్డా!’

ఓరుగల్లు అడవులకు వేటగాళ్లు కొత్తేం కాదు. 1902 ఏప్రిల్‌లో వైస్రాయ్ లార్డ్ కర్జన్ నిజాం అతిథిగా వచ్చి పులివేట చేసింది మన నెక్కొండ దగ్గరే. చచ్చిన పులితో కర్జన్ దంపతులున్న ఫొటో, రాజా దీన్‌దయాళ్ తీసింది, ఇప్పటికీ పుస్తకాల్లో కనిపిస్తుంది. ఇలాంటి ఫొటోల్లో వేటగాడు ఉంటాడు, పులి ఉంటుంది. దెబ్బతిని తప్పించుకున్న జంతువు మాత్రం ఏ ఫొటోలోనూ ఉండదు!

తూటాలన్నీ ఒకటి కాదు. కొస దగ్గర సీసం బయటికి కనిపించేది సాఫ్ట్ నోజ్. ఒంట్లోకి దిగగానే పుట్టగొడుగులా విచ్చుకుని జోరంతా అక్కడే వదిలేస్తుంది. కొసదాకా గట్టి లోహపు తొడుగున్నది విచ్చుకోదు, తిన్నగా దూసుకుపోతుంది. ఏనుగులాంటి భారీ జంతువులకు పాతకాలం వేటగాళ్లు వాడింది ఇదే. దీంతో అడవిపందిని కొడితే సన్నటి రంధ్రం చేసి అవతలికి పోవచ్చు. పంది పారిపోతుంది, అవతల చేలో ఉన్న మనిషికీ ముప్పే. ఇక పిట్టల కోసం చేసిన సన్నగుండ్ల కార్ట్రిడ్జిని పన్నెండు బోరు తుపాకీలో పెట్టి పందిని కొడితే అది చావదు, సరిగ్గా బతకదు. విచ్చుకునే తూటాను 1899 హేగ్ ప్రకటన యుద్ధాల్లో వాడొద్దంది. వేటలో మాత్రం జంతువుకు నరకయాతన తప్పించేది అదే కావడం విచిత్రం!

ఇంకో సంగతి. తూటా రకం మారితే బరువు మారుతుంది, పడే చోటూ మారుతుంది. అందుకే తుపాకీపై రాసి ఉన్న కొలతకు సరిపోయేది ఒకటి ఎంచుకుని, రేంజిలో కాగితం మీద కాల్చి చూసుకుని, సైటు సరిచేసుకుని, ఆ తర్వాత అదే వాడాలి.

మరి ట్రిగ్గరు? ఎంత బలంతో లాగితే పేలుతుందో దాన్ని బరువులో చెబుతారు. పెద్దాయన తండ్రి ఏటా వేటకాలానికి ముందు తుపాకీ ఖాళీ చేసి, ఒకటికి రెండుసార్లు చూసుకుని, ట్రిగ్గరుకు దారంతో బాట్లు వేలాడదీసేవారట. కిలోన్నర దగ్గర ‘టిక్’ మనాలి. కిలోకే అన్నా, మూడు కిలోలకూ అనకపోయినా మిస్త్రీ దగ్గరికే!

ఎందుకంత పట్టింపు? ట్రిగ్గరు బిగుసుగా ఉంటే వేలితోపాటు తుపాకీ కూడా కదులుతుంది. గొట్టం పొడవు 60 సెంటీమీటర్లు అనుకుందాం. దాని కొస ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగితే 100 మీటర్ల దూరంలో తూటా దాదాపు 17 సెంటీమీటర్లు తప్పుతుంది. గుండెకు తగలాల్సింది పొట్టలో దిగుతుంది. అలాగని మరీ తేలికైతే ముళ్లకంప తగిలినా, చలికి వేలు వణికినా పేలుతుంది. పోటీల్లో 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌కు 500 గ్రాముల ట్రిగ్గరు చాలు. కానీ అది షూటింగ్ రేంజి, ఇది అడవి. ఇంట్లో స్క్రూడ్రైవరుతో, ఆకురాయితో సరిచేద్దామనుకోవడం ప్రాణాలతో చెలగాటమే. లోపలి పట్టు కాస్త అరిగితే తుపాకీ కిందపడ్డా పేలుతుంది. లైసెన్సున్న మిస్త్రీయే చేయాల్సిన పని అది.

1907లో జిమ్ కార్బెట్ చంపిన చంపావత్ ఆడపులి 436 మందిని పొట్టనబెట్టుకుందని లెక్క. దాని నోట్లో కుడివైపు కోరలు పైదీ, కిందిదీ విరిగి ఉన్నాయి. పాత తుపాకీ దెబ్బ! మామూలు వేట చేయలేకే మనుషుల మీద పడిందన్నారు కార్బెట్. ఎవరో గురి తప్పి ఇంటికెళ్లిపోయారు. ఆ బాకీ గడ్డికీ, కట్టెలకూ అడవికెళ్లిన ఆడవాళ్లు తీర్చారు.

1970లో పులివేటపై నిషేధం, 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాయి. సరదా వేటకు కాలం చెల్లింది, చెల్లాల్సిందే. కానీ మక్కచేలపై పందుల దాడి ఆగలేదు. పంట పాడుచేసే పందిని కాల్చాలంటే అధికారం ఉన్న అటవీ అధికారి కారణాలు చూపుతూ రాతపూర్వకంగా అనుమతించాలి. చేను చుట్టూ దొంగచాటుగా కరెంటు తీగ పెడితే మనుషులే పోతున్నారు. అనుమతితో వచ్చే షూటర్‌నైనా ఊరు ఆ రెండు ప్రశ్నలూ అడగాలి. ఏ తూటా? ట్రిగ్గరు ఎప్పుడు చూపించావు? దెబ్బతిన్న పంది మక్కచేలోనే దాక్కుంటుంది. తెల్లారి కలుపు తీయడానికి అందులోకి దిగేది షూటర్ కాదు కదా!

వచ్చేముందు మళ్లీ ఫొటో చూశాను. అందులో పెద్దాయన తండ్రి నవ్వడం లేదు. ఎందుకని అడిగాను.

‘కొత్త తూటాలు తెచ్చిండు. కాగితం మీద కొట్టి చూడకుంటనే పోయిండు. మొదటి దెబ్బ పొట్టల పడ్డది. తెల్లారిందాక ఎతికిండ్రు. దొరికేసరికి ఓ జీతగాని కాలు చీల్చింది. దవాఖాన ఖర్చు నాయనే పెట్టుకున్నడు. ఏడాది జొన్నలు పంపిండు. మళ్ల తుపాకి ముట్టలే, ఠాణల అప్పజెప్పిండు.’

కాసేపాగి ఆయనే అన్నారు. ‘పైసలైతే ఇచ్చిండు బిడ్డా... కాలు ఎక్కడికెల్లి తెచ్చిస్తడు?’