అంధులకు చదివి పెడుతున్న ఏఐ.. కేవైసీ దగ్గర మాత్రం ‘కళ్లార్పండి’ అంటోంది!

ఏఐ అనగానే డీప్‌ఫేక్ వీడియోలు, ఉద్యోగాల కోతలే చర్చకొస్తాయి. కానీ చడీచప్పుడు లేకుండా అది చూపు లేనివాళ్ల ఇళ్లలో, వినికిడి తగ్గిన పెద్దవాళ్ల చేతుల్లోకి చేరిపోయింది. చిక్కేంటంటే, ఇంట్లో సాయం చేస్తున్న ఇదే టెక్నాలజీ బ్యాంకు గుమ్మంలో వాళ్లనే ఆపేస్తోంది. చివరకు విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

ముందు మంచి సంగతి చూద్దాం. డెన్మార్క్‌కు చెందిన ‘బీ మై ఐస్’ యాప్ 2015లో వచ్చింది. అంధులు వీడియో కాల్ చేస్తే, ఎక్కడో ఉన్న వాలంటీర్ చూసి చెప్పేవారు. పాల ప్యాకెట్ మీద తేదీ, చొక్కా రంగు లాంటివన్నమాట. 2023లో దీనికి జీపీటీ-4 తోడైంది. ఇప్పుడు ఫొటో తీస్తే చాలు, ఎదురుగా ఏముందో ఏఐ చెప్పేస్తుంది. చిన్న సౌకర్యంలా కనిపిస్తుంది కానీ, ఆస్పత్రి రిపోర్టో, బ్యాంకు నుంచి వచ్చిన లెటరో పక్కింటివాళ్ల చేత చదివించుకోవాల్సిన మనిషికి అది ఎంత పెద్ద తేడానో ఆలోచించండి. ఇంటి గుట్టు ఇంట్లోనే ఉంటుంది. అర్ధరాత్రి ఎవరినీ లేపక్కర్లేదు.

మన దగ్గర నోట్లు గుర్తుపట్టడానికి రిజర్వ్ బ్యాంక్ 2020 జనవరిలో ‘మణి’ యాప్ తెచ్చింది. ఒకసారి డౌన్‌లోడ్ చేస్తే నెట్ లేకపోయినా పనిచేస్తుంది. నోట్ల రద్దు తర్వాత సైజులు మారిపోయి, తడిమి గుర్తుపట్టే అలవాటంతా మొదటికొచ్చిన వాళ్లకు ఇది అక్కరకొచ్చింది. ఇక వినికిడి సమస్య ఉన్నవాళ్లకు గూగుల్ ‘లైవ్ ట్రాన్స్‌క్రైబ్’ 2019 నుంచి ఉంది. ఎదుటివాళ్లు మాట్లాడేది ఫోన్ తెరపై అక్షరాల్లో వస్తుంది, తెలుగులో కూడా. అయితే ఇద్దరు ఒకేసారి మాట్లాడినా, చుట్టూ గోల ఉన్నా, యాస బలంగా ఉన్నా తడబడుతుంది.

తప్పులు లేవా అంటే ఉన్నాయి. లేనిది ఉన్నట్టు నమ్మకంగా చెప్పడం ఏఐకి ఉన్న పాత జబ్బే. పాల ప్యాకెట్ విషయంలో పొరబడితే పాలే పోతాయి. మందుల స్ట్రిప్ విషయంలో అలా కుదరదు. అక్కడ మనిషి కన్ను ఉండాల్సిందే.

కళ్లార్పకపోతే ఖాతా లేదు

అసలు తలనొప్పి ఇంకోచోట ఉంది. ఇప్పుడు సిమ్ కార్డు నుంచి బ్యాంకు ఖాతా దాకా ‘లైవ్‌నెస్’ చెక్ మామూలైంది. కెమెరా ముందు ఉన్నది ఫొటో కాదు, ప్రాణమున్న మనిషే అని తేల్చుకోవడానికి యాప్ ‘కళ్లార్పండి’ అంటుంది. యాసిడ్ దాడిలో కనురెప్పలు దెబ్బతిన్నవాళ్లు ఏం చేయాలి? పూర్తిగా చూపు లేనివాళ్లకు ముఖం ఫ్రేమ్‌లో ఉందో లేదో ఎలా తెలుస్తుంది? యాప్ రాసినవాళ్లకు ఈ ప్రశ్న రాలేదు.

యాసిడ్ దాడి బాధితులు, వంద శాతం అంధత్వం ఉన్న ఓ వ్యక్తి వేసిన పిటిషన్లపై 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. డిజిటల్ సేవలు అందుకోవడం ఆర్టికల్ 21 కింద జీవించే హక్కులో భాగమేనని తేల్చి, 20 ఆదేశాలిచ్చింది. కళ్లార్పడం ఒక్కటే కాకుండా వేరే మార్గాలు పెట్టాలి, కాగితం మీద కేవైసీ కొనసాగించాలి, యాప్‌లకు యాక్సెసిబిలిటీ ఆడిట్ చేయించాలి అన్నవి వాటిలో కొన్ని. ఆగస్టులో ఆర్‌బీఐ కూడా కేవైసీ నిబంధనలు మార్చింది. లైవ్‌నెస్ చెక్ పేరుతో ప్రత్యేక అవసరాలున్నవారిని బయటపెట్టకూడదని అందులో రాసింది. ఈ పోరాటంలో హైదరాబాద్ పాత్ర కూడా ఉంది. యాక్సెసిబిలిటీ నిబంధనలు సలహాలుగా మిగిలితే కుదరదు, తప్పనిసరి చేయాలని 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పుకు నల్సార్ యూనివర్సిటీ సెంటర్ ఫర్ డిజెబిలిటీ స్టడీస్ ఇచ్చిన నివేదికే ఆధారం.

2011 లెక్కల ప్రకారమే దేశంలో దివ్యాంగులు 2.68 కోట్ల మంది. అరవై దాటినవాళ్లు 10 కోట్ల పైనే. పొలం పనుల్లో వేలిముద్రలు అరిగిపోయిన పెద్దవాళ్లకు 2021లో జీవన్ ప్రమాణ్‌కు ముఖ గుర్తింపు రావడం నిజంగా మేలే. ఏటా నవంబర్‌లో బ్యాంకు క్యూ తప్పింది. కానీ ఆ ముఖాన్నీ మెషీన్ పట్టకపోతే? ఇంట్లో సాయం చేసే యాప్ తప్పు చెబితే ఇంకో ఫొటో తీసుకోవచ్చు. గుమ్మం దగ్గర కాదంటే నెల పింఛనే ఆగుతుంది. అప్పుడు చాలామంది చేసే పని, ఫోనూ పిన్నూ రెండూ తెలిసినవాళ్ల చేతిలో పెట్టేయడం. మోసగాళ్లకు కావాల్సిందీ అదే.

ఇంట్లో పెన్షనర్లు ఉంటే ఇవి గుర్తుంచుకోండి: ఫేస్ యాప్ మొరాయించినా కాగితం లైఫ్ సర్టిఫికెట్‌ను బ్యాంకులో ఇవ్వొచ్చు. 80 ఏళ్లు దాటిన కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లకైతే అక్టోబర్ 1 నుంచే ఇచ్చే వీలుంది. కదల్లేని స్థితిలో ఉంటే పోస్టాఫీసును అడగండి. పోస్ట్‌మ్యాన్ ఇంటికొచ్చి డిజిటల్ సర్టిఫికెట్ తీసుకునే సేవ ఉంది.