అన్నం మీద వేలంపాట

రైల్లో శాకాహార భోజనం 80 రూపాయలు, స్టేషన్ స్టాల్‌లో 70. ఆ డబ్బుకు 150 గ్రాముల అన్నం, అంతే తూకం పప్పో సాంబారో, 100 గ్రాముల కూర, రెండు పరోటాలు లేదా నాలుగు చపాతీలు, 80 గ్రాముల పెరుగు ఇవ్వాలి. పచ్చడి 12 గ్రాములని కూడా రైల్వే శాఖ రాసిపెట్టింది! కాగితం మీది ఈ విస్తరి సికింద్రాబాద్ నుంచి ఢిల్లీకో హౌరాకో పోయే స్లీపర్ బోగీలోకి వచ్చేసరికి ఏమవుతోందో ప్రయాణికులకు వేరే చెప్పాలా? ఫాయిల్ మూత తీస్తే అన్నం గడ్డకట్టి ఉంటుంది, పప్పు నీళ్లోడుతుంటుంది, పెరుగు ఊసే ఉండదు. ధర అడిగితే నూట ఇరవై. బిల్లు అడిగితే మిషన్ పనిచేయడం లేదు. బిల్లు ఇవ్వకపోతే భోజనం ఉచితమని 2018లో రైల్వేలే ప్రకటించాయి. ఆకలితో ఉన్నవాడు రైల్లో ఆ వాదన పెట్టుకుంటాడా?

ట్రేలు మోసుకొచ్చే కుర్రాడిని తిట్టడం తేలిక. అమ్మినదానిపై కమీషన్ తప్ప నెల జీతం ఎరగనివాళ్లు వారిలో ఎందరో. అసలు రోగం టెండర్‌లోనే ఉంది. అర్హతల గడప దాటినవారిలో ఎవరు ఎక్కువ లైసెన్స్ ఫీజు కడతామంటే వారిదే ప్యాంట్రీ కార్. భోజనం ధరను రైల్వే బోర్డు బిగించేసింది, ఫీజును మాత్రం పాటకు వదిలేసింది. పాడుకున్నవాడు ఆ సొమ్ము ఎక్కడ రాబట్టుకోవాలి? బియ్యంలో, నూనెలో, కుర్రాళ్ల కూలిలో, చివరికి మన జేబులో.

ఇది కొత్త సంగతేమీ కాదు. స్టేషన్లు, రైళ్లలో తనిఖీలు చేసి కాగ్ 2017లో పార్లమెంటుకిచ్చిన నివేదికలో కుళాయి నీళ్లతోనే పానీయాలు కలపడం, గడువు దాటిన ప్యాకెట్లు, మిగిలినదాన్నే మళ్లీ వడ్డించడం అన్నీ ఉన్నాయి. ఐఆర్‌సీటీసీ చేతిలోని కేటరింగ్‌ను 2010లో జోన్లకు మార్చారు, 2017లో మళ్లీ దానికే అప్పగించారు. తాళంచెవులు చేతులు మారాయే తప్ప పాట ఆగలేదు.

జనరల్ బోగీల ఎదుట 20 రూపాయలకు పూరీ, ఆలూ కూర అమ్మే ఏర్పాటు మంచిదే. అయితే రెండు నిమిషాల హాల్టులో దిగితే సీటు పోతుందన్న భయం ఆ బోగీ ఎక్కినవారికే తెలుస్తుంది. ఫోన్లో ఆర్డరిచ్చే ఇ-కేటరింగ్ రిజర్వేషన్ ఉన్నవారికి పనికొస్తుంది, అదీ రైలు వేళకు నడిస్తే.

కదిలే రైల్లో కొనుగోలుదారుకు పక్క హోటల్ ఉండదు. అలాంటిచోట వేలంపాట పెట్టడం పోటీ కాదు, ప్రయాణికుణ్ని కుదువపెట్టడం. లైసెన్స్ ఫీజును ముందే ఖరారు చేసి, తూకం, రుచి, శుభ్రత, రైల్వే హెల్ప్‌లైన్ 139కి వచ్చిన ఫిర్యాదుల లెక్క చూసి కాంట్రాక్టు ఇవ్వాలి. వడ్డించేవారికి జీతం తప్పనిసరి షరతు కావాలి. ఫీజుల రాబడి తగ్గుతుందంటారా, తగ్గనివ్వండి. గడువు తీరిన ప్రతి ప్యాంట్రీ కాంట్రాక్టునూ ఇకపై ఈ పద్ధతిలోనే పిలవాలి. దక్షిణ మధ్య రైల్వే రైళ్లతో మొదలుపెట్టినా సరే, వచ్చే టెండర్ నోటీసులోనే అది కనిపించాలి.