నేతిలో వాసన

2024 సెప్టెంబరులో తిరుమల లడ్డూ నేతిమీద వివాదం లేచినప్పుడు, మన బెంగుళూరు తెలుగిళ్లలో నేతిగిన్నెను ముక్కు దగ్గర పెట్టుకొని చూడనివారు లేరు. ఆ వివాదం సంగతి విచారించేవారు చూసుకుంటారు. మేము చెప్పబోయేది మా ఇంటి నెయ్యి మాట.

చింతామణి వైపునుంచి వచ్చే నేతి తాత పదేళ్లుగా మాకు నెయ్యి పోస్తూ ఉండేవాడు. ఆ నెల నెయ్యి ముక్కిన వాసన వేసింది. ఊరంతా ఒకటే మాటగా ఉన్న రోజులు గదా, మేమూ నోరు జారాము: "ఏం కలిపావు తాతా?"

"ఏమీ కలపలేదు సామీ" అని, డబ్బులైనా తీసుకోకుండా వెళ్లిపోయాడు. మరి రాలేదు.

తరువాత కొన్నాళ్లకు మా ఇంటావిడ, ఫ్రిజ్జులో రెండు వారాలు దాచిన మీగడ చిలికి వెన్న కాచింది. అదే వాసన! ఇందులో ఎవరు ఏం కలిపినట్టు?

ఆహార పరీక్షాశాలలో పనిచేసే మా మేనల్లుణ్ణి అడిగాము. అతడు నవ్వి, ఇది లైపేజ్ అనే ఎంజైము పని అన్నాడు. కొవ్వు అణువు గ్లిసరాల్ అనే కాడకు మూడు కొవ్వు ఆమ్లాలు తగిలించినట్టుంటుందట. లైపేజ్ వాటిని కత్తిరిస్తుంది. చలిలోనూ పెరిగే సూక్ష్మజీవులు మీగడలో దీన్ని విడుస్తాయి. కాచితే అవి చస్తాయి గాని, తెగిపోయిన ఆమ్లం మళ్లీ అతుక్కోదు. పాలకొవ్వులో ఉండే బ్యుటిరిక్ ఆమ్లం తెగి బయటపడితే వచ్చేదే ఆ కంపు.

చిత్రమేమంటే, కల్తీ పట్టడానికి పరీక్షాశాలలో వాడే కత్తెరల్లో ఇదీ ఒకటి. క్లోమపు లైపేజ్ రెండు చివళ్ల ఆమ్లాలనే కత్తిరించి, నడిమిదాన్ని వదులుతుంది. 1950లలో అమెరికాలో మ్యాట్‌సన్ మొదలైనవారు ఈ గుణాన్ని పరిశీలించి చూపారు. పంది కొవ్వులో పామిటిక్ ఆమ్లం ఎక్కువగా నడుమ కూర్చుంటుంది. గింజల నూనెల్లో చివళ్లకు ఉంటుంది. ఆవుపాల కొవ్వులో బ్యుటిరిక్ ఒక చివరనే ఉంటుంది. మొత్తం ఆమ్లాల పాళ్లు సరిపోయేట్టు నూనెలు కలపవచ్చు గాని, ఏది ఎక్కడ కూర్చోవాలో కలిపేవాడి చేతిలో ఉండదు. అందుచేత కత్తిరించి, మిగిలిన ముక్కలను గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌లో లెక్క చూస్తారు. తెగి విడిగా ఉన్న ఆమ్లాన్ని కొలిచే ఎంజైములు వేరే ఉన్నాయి. రంగు ముదిరినకొద్దీ ఆమ్లం ఎక్కువన్నమాట. (ఆ క్లోమపు లైపేజ్ సాధారణంగా పందినుంచే తీస్తారట. పరీక్షకే గాని పప్పులోకి కాదు గనుక మడివారు కంగారుపడనక్కరలేదు.)

తాత పోసినదాంట్లో సీసా అడుగున మిగిలింది అతడికి ఇచ్చాము. కల్తీ జాడ లేదు, విడి ఆమ్లం మాత్రం ఎక్కువగా ఉంది, మీగడ నిలవ ఉంచినట్టున్నాడు అన్నాడు. అదొక లోపమే, కాదనము. కాని మేము అడిగిన మాట అది కాదు.

రెండు ఆదివారాలు గాంధీబజారులో వెదికాము. తోటి నేతివాళ్లు ఊరికి వెళ్లాడన్నారు. బాకీ డబ్బులు వారిచేత పంపుదామంటే మా ఇంటావిడ వద్దంది. చింతామణి బస్సు ఎన్నింటికో కనుక్కొమ్మంది.