పాత్రధారణ క్రీడలలో నిజమైన ఎంపిక

కథలోని పాత్రను తానే ధరించి, దానికి ఏ విద్యలు నేర్పవలెనో తానే నిర్ణయించుకొని, దాని కష్టసుఖములకు తానే బాధ్యుడగు ఆటలకు పాత్రధారణ క్రీడలని పేరు. వీనిలో మొట్టమొదట అచ్చయి అంగళ్లకు వచ్చినది 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'. గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను అమెరికనులు దానిని 1974లో వెలువరించిరి. అందు మొదట ఉన్నవి మూడే వృత్తులు: యోధుడు, మాంత్రికుడు, అర్చకుడు. కాగితము, పెన్సిలు, పాచికలు ఉన్న చాలును, ఆట సాగెడిది. పిదప ఇట్టి ఆటలు కంప్యూటరులోనికి ప్రవేశించెను. వృత్తులును విద్యలును వందలకొలది పెరిగెను.

నేడు ఆటలను అమ్మువారు ముందుగా చాటునది ఈ సంఖ్యనే. వేలకొలది విధముల పాత్రలను నిర్మించుకొనవచ్చునని వారందురు. ఆ సంఖ్యను చూచి మురియుట తగదు. కూడలిలో పది బాటలున్నను, ఎనిమిది ముళ్లపొదలలో అంతమగునేని అచ్చట ఉన్నవి రెండు బాటలే.

2000 సంవత్సరమున వెలువడిన 'డయాబ్లో 2' ఇందుకు మంచి తార్కాణము. అందలి మాంత్రికురాలికి అగ్ని, హిమము, మెరుపు అను మూడు విద్యాశాఖలు కలవు. స్థాయి పెరిగినకొలది ఒక్కొక్క పాయింటు లభించును. దానిని నచ్చిన విద్యకు వినియోగించుకొనవచ్చును. ఒక బాలుడు అగ్నివిద్యపై మక్కువతో తన పాయింట్లన్నియు దానికే ధారపోసెననుకొనుడు. ఆటలోని మూడంచెలలో మొదటి రెండింట వానికి పెద్ద చిక్కులుండవు. 'నరకము' అను మూడవ అంచెలో మాత్రము నిప్పు ఏమాత్రమును సోకని రాక్షసులు ఎదురగుదురు. తోడువచ్చు కూలిభటుని సాయముతో కొంతదూరము నెట్టుకొని రావచ్చును గాని, అది ఆ బాలుడు కోరుకొన్న ఆట కాదు. 2010 వరకు, ఒకసారి వేసిన పాయింటును వెనుకకు తీసికొను ఏర్పాటు ఆ ఆటలో లేకుండెను. నెలల తరబడి సాయంకాలములు వెచ్చించి పెంచిన పాత్రను విడిచి, మరల మొదటి స్థాయినుండి మొదలిడవలసినదే!

నిర్మాతలు ఊరకుండలేదు. చిన్న విద్యలు నిరుపయోగము లగుచుండుటను గమనించి, వానిలో వేసిన పాయింటు తత్సంబంధమైన పెద్ద విద్యకు కూడ బలము నిచ్చునట్లు 2003లో మార్పు చేసిరి. అయినను, కొండనాలుకకు మందు వేసిన చందమాయెను. ఒకే కుటుంబపు విద్యలకు సమస్తము ధారపోసిన పాత్ర బలిసెను. పలు విద్యలను మేళవించిన పాత్ర వెనుకబడెను.

అన్నింటిని ఒక్క తీరున తీర్చుటయు మందు కాదు. 2008లో వచ్చిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' నాలుగవ కూర్పులో వృత్తులన్నింటికిని ఒకే చట్రము నేర్పరచిరి: ఎల్లప్పుడు వాడదగిన శక్తులు కొన్ని, పోరునకొకసారి వాడదగినవి కొన్ని, దినమునకొకసారి వాడదగినవి కొన్ని. బలాబలముల అంతరము తగ్గెను. కాని కత్తి పట్టినను మంత్రదండము పట్టినను ఆట ఒక్కటే యని పలువురు పెదవి విరిచిరి. ఆ నింద కొంత అతిశయోక్తియే. ఐనను 2014 నాటి అయిదవ కూర్పులో ఆ ఉమ్మడి చట్రమును విడిచిపెట్టిరి.

ఓటమియే గురువనియు, తెలివిగలవాడు మంచి దారిని తానే కనుగొనుననియు వాదించువారు కలరు. కారణము కంటికి కనబడు ఓటమి విషయమున ఆ మాట నిజమే. 2000 నాటి మూడవ కూర్పులో 'టఫ్‌నెస్' అను ప్రత్యేకత కలదు. దానిని గైకొన్న పాత్రకు మూడు ప్రాణపాయింట్లు అదనముగా లభించును. నాలుగు ప్రాణపాయింట్లతో బయలుదేరు మాంత్రికునికి అది ప్రాణదానమే. పదవ స్థాయి చేరిన యోధునికో, ఏనుగునకు వెలగపండు వంటిది. ఈ భేదము కొత్త ఆటగానికి ముందుగా తెలియదు. పుస్తకములో రెండు ప్రత్యేకతలు పక్కపక్కనే సమానములవలె కూర్చుండగా, అందొకటి బోలుదైనచో, దానిని ఎంచుకొన్నవానిని మందమతి యనుట న్యాయము కాదు. తప్పు వ్రాసినవారిది.

దారులన్నియు సమానముగా సుగమములు కానక్కరలేదు. కష్టమని తెలిసియే కష్టమైన దారిని ఎంచుకొనువారి ఆనందము వేరు. 1997లో వెలువడిన 'ఫాలౌట్' ఆటలో కథ అణుయుద్ధానంతర ప్రపంచమున జరుగును. అందు బలశాలి కడపటి శత్రువును ఆయుధములతో కూల్చును. వాక్చాతుర్యము గలవాడు సాక్ష్యము చేతబట్టి, ఆ శత్రువు తలపెట్టిన పని నిష్ఫలమని అతనినే ఒప్పించును. కత్తి దూయ నక్కరలేదు. బుద్ధిబలము మిక్కిలి తక్కువగా ఉంచుకొన్న పాత్ర నోట సరియైన మాటలే రావు. ఎదుటివారు దానితో పసివానితోవలె మాటలాడుదురు, పెక్కు పనులు దానికి అప్పగింపరు. ఆ సంగతి ఆటగానికి మొదటి సంభాషణలోనే తెలిసిపోవును. అట్టి పాత్రతోడను ఆ ఆటను తుదముట్టించినవారు కలరు.