మడక అంటే తప్పా? నాగలి అంటేనే ఒప్పా?

ముందు ఒక ప్రశ్న. నాలుగో తరగతి పిలకాయల స్థాయి ప్రశ్నే. ఉద్యోగస్తులు, డిగ్రీలు చదివినవాళ్ళు కూడా మనసులో జవాబు చెప్పుకోండి.

నాగలి : హలం :: గేదె : ?
(అ) పాలు (ఆ) దూడ (ఇ) మహిషం (ఈ) పేడ

జవాబు మహిషం. నాగలి అన్నా హలం అన్నా ఒకటే. గేదె అన్నా మహిషం అన్నా ఒకటే. మనకు రెప్పపాటు పని. ఇదే ప్రశ్నను పుంగనూరు పక్కన పల్లెలో ఒక కూలిరైతు బిడ్డ ముందర పెట్టండి. ఆ ఇంట్లో నాగలి అనే మాట లేదు, మడక ఉంది. గేదె అనే మాట లేదు, ఎనుము ఉంది. పొద్దు పొడవకముందే లేచి ఎనుముకు కసువేసి, అమ్మ పిండిన పాలు కేంద్రంలో పోసి, ఆ తర్వాత బడికొచ్చిన బిడ్డ అది. ప్రశ్నలో ఉన్న మూడు మాటల్లో ఒక్కటి కూడా ఆ ఇంటిది కాదు. జవాబూ ఆ ఇంటిది కాదు. ఎనుము సంగతి ప్రశ్న రాసిన పెద్దమనిషికంటే ఎక్కువ తెలిసిన బిడ్డ, 'పాలు' దగ్గర సున్న దిద్ది, తానే సున్నా తెచ్చుకుంటుంది.

ఆ సున్నా ఎవరికి వేయాల? బిడ్డకా? ప్రశ్న రాసినవాడికా?

పుంగనూరు ఆవు పొట్టిదైనా దేశమంతా దాని పేరు చెప్పుకుంటుంది. పుంగనూరు బిడ్డ నోట్లో మాట మాత్రం పరీక్ష కాగితం దాకా రాలేకపోతోంది. ఇదీ మన బతుకు!

ఒక్క మార్కు కథ కాదు

'పోలిక ప్రశ్నలకు ఇంత రాద్ధాంతమా' అని కొందరు నవ్వొచ్చు. నవ్వేవాళ్ళు లెక్క చూడండి. పూర్వపు చిత్తూరు జిల్లా కలికిరిలో 2014లో సైనిక్ పాఠశాల వచ్చింది. ఆరో తరగతి ప్రవేశ పరీక్షకు 300 మార్కులు. అందులో తెలివితేటల విభాగానికి 50, భాషకు 50. ఎనిమిదో తరగతి పిల్లలకు కేంద్రం పెట్టే ప్రతిభా ఉపకార వేతనం పరీక్షలో మానసిక సామర్థ్యం కిందే 90 ప్రశ్నలు. గెలిచిన పేద బిడ్డకు ఏడాదికి 12,000 రూపాయలు, తొమ్మిది నుంచి ఇంటర్ దాకా. గట్టెక్కినవాళ్ళకూ, పక్కకు పోయినవాళ్ళకూ నడుమ తేడా చాలాసార్లు రెండు మూడు మార్కులే. ఆ రెండు మూడు మార్కులు తెలివి తక్కువై పోతే బాధ లేదు. మాట తెలియక పోతేనే కడుపు మండుతుంది.

డబ్బున్న ఇంటి పిల్లవానికి తిరుపతిలో కోచింగు ఉంది. బుక్కుల అంగట్లో గైడు ఉంది. ఏనుగు అంటే గజం, కరి, ఇభం అని వాడు వల్లె వేస్తాడు. మన బిడ్డకు మొగిలి ఘాటు దగ్గర, కౌండిన్య అడవి అంచున చేలు తొక్కిపోయే నిజమైన ఏనుగే తెలుసు. ఇభం తెలియదు. పరీక్ష ఎవర్ని తెలివిగలవాడు అంటుంది? గైడు కొన్నవాడినే.

అమెరికా చేసిన తప్పు

ఈ తప్పు మనోళ్ళు కనిపెట్టింది కాదు. అమెరికాలో కాలేజీ సీట్లకు పెట్టే శాట్ పరీక్షలో దశాబ్దాలపాటు ఇవే పోలిక ప్రశ్నలుండేవి. వాటిలో ఒకటి బాగా అపఖ్యాతి పాలయింది. పరుగుపందెగాడికి మారథాన్ ఎట్లాంటిదో, తెడ్డు వేసేవాడికి ఏది అట్లాంటిది? జవాబు 'రెగట్టా'. అంటే పడవ పందేలు. సొంత పడవలూ క్లబ్బులూ ఉన్న ఇళ్ళ పిల్లలకు అది ఊతపదం. నల్లవాళ్ళ పేటలో పెరిగిన బిడ్డ ఆ మాట ఎక్కడ వింటాడు? పరీక్ష కొలిచింది బుద్ధినా, అయ్య ఆస్తినా?

2001లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం అధ్యక్షుడు రిచర్డ్ అట్కిన్సన్ లేచి, పన్నెండేళ్ళ పిల్లలు పాఠాలు పక్కనపెట్టి ఈ పోలికల సాధనలో గంటలు గంటలు గడపడం తాను కళ్ళారా చూశానని, మా విశ్వవిద్యాలయానికి ఆ పరీక్ష వద్దని బాహాటంగా చెప్పినాడు. 2005లో శాట్ నుంచి పోలిక ప్రశ్నలు ఎత్తేశారు. వాళ్ళు వదిలేసిన తప్పును మనం నాలుగో తరగతి బిడ్డ నెత్తిన పెట్టి మోయిస్తున్నాం.

ఇవి యాస మాటలా?

'మడక, ఎనుము అవన్నీ యాస మాటలు. పరీక్షకు ప్రామాణిక భాష కావాల' అంటారు. ఎవరు పెట్టినారు ఆ ప్రమాణం? కడపలో కలెక్టరు కచేరీలో కొలువు చేసిన బ్రౌన్ దొర 1852లో అచ్చు వేయించిన నిఘంటువు తెరిచి చూడండి. మడక ఉంది, ఎనుమూ ఉంది. దొరకు తెలుగు మాటలుగా కనిపించినవి మన ప్రశ్నపత్రాలు రాసేవాళ్ళకు యాస అయినాయి!

అంతదాకా ఎందుకు? భద్రిరాజు కృష్ణమూర్తి గారి ఆధ్వర్యంలో 1962లో వ్యవసాయ మాండలిక పదకోశం వచ్చింది. సేద్యం మాటలను జిల్లాజిల్లా తిరిగి రైతుల నోటినుంచి ఏరి తెచ్చిన పుస్తకం. ఏ వస్తువును ఏ జిల్లాలో ఏమంటారో అందులో ఉంది. అంటే పర్యాయపదాల గని చేతిలో పెట్టినారు. అరవై ఏళ్ళు దాటినా ఆ గనిలోనుంచి బడి పుస్తకానికి ఎన్ని మాటలొచ్చినాయి?

బడి పుస్తకంలో పర్యాయపదాలు చూడండి. సూర్యుడు అంటే రవి, భానుడు, ఆదిత్యుడు. మన అవ్వ నోట్లో ఉండే 'పొద్దు' ఆ వరసలో కనిపించడం అరుదు. సంస్కృతం మాట తెస్తే పర్యాయపదం, సీమ మాట తెస్తే యాస. ఇదేం న్యాయం?

గిడుగు రామమూర్తి పంతులు జనం మాటను బడికి తేవాలని ఆయుష్షు ధారపోసినాడు. ఏటా ఆగస్టు 29న ఆయన పటానికి దండ వేస్తాం. ఆ పోరాటం సగం దారిలో ఆగింది. గ్రాంథికం దిగిపోయిన పీట మీద నాలుగు జిల్లాల వ్యవహారికం కూర్చుంది. మిగతా జిల్లాల వ్యవహారికం వాకిట్లోనే నిలబడింది. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు 'పచ్చనాకు సాక్షిగా', 'సినబ్బ కథలు' మన పల్లె మాటతోనే రాస్తే రాష్ట్రమంతా చదివి చప్పట్లు కొట్టింది. కథలో చప్పట్లు కొట్టించుకున్న మాటను పరీక్షలో కొట్టేస్తారా?

కృష్ణా జిల్లా రైతుతో మనకు పేచీ లేదు. ఆయన గేదెను గేదె అనే పిలవనీ. ఎనుమును ఎనుము అనే హక్కు మన బిడ్డకూ ఉండాల. అంతే.

ఇంటి మాటే మొదటి మెట్టు

పుస్తకం మాట వద్దని ఎవరూ అనడం లేదు. హలమూ నేర్చుకోవాల, మహిషమూ నేర్చుకోవాల. ఎక్కడ మొదలుపెట్టి నేర్పుతామన్నదే తగాదా. పలమనేరు దిక్కున ఒక బడిలో పిల్లల్ని 'మీ ఇంట్లో దేంతో దున్నుతారు' అని అడిగినాను. 'ఇప్పుడు టాక్టరుతో సార్, మా తాత మడకతో' అన్నాడు ఒకడు. బోర్డు మీద ఇట్లా రాసినాను:

మడక : నాగలి :: ఎనుము : ?

తరగతి తరగతంతా 'గేదె!' అని అరిచింది. సినిమాల్లో, టీవీలో విన్న మాటే గదా. తర్వాత చెనిక్కాయ : వేరుశనగ :: ఎర్రగడ్డ : ? అంటే 'ఉల్లిపాయ'. టెంకాయ పక్కన కొబ్బరికాయ తెచ్చుకున్నారు. పోలిక ప్రశ్న అంటే ఏమిటో నేను వివరించనే లేదు. ఇంట్లో ఒక మాట, బళ్ళో ఒక మాట, కుప్పం దిక్కయితే సంతలో అరవమూ కన్నడమూ. ఈ పిలకాయలు పొద్దస్తమానం చేసే పనే అది.

కాబట్టి నేర్పే పద్ధతి ఇది. ఉపాధ్యాయ మిత్రులు, ఆదివారం తరగతులు చెప్పే విద్యార్థులు రాసి పెట్టుకోండి.

ఒకటి: మొదటి జంటను వాక్యంగా చెప్పించండి. 'చెట్టు అన్నా వృక్షం అన్నా ఒకటే.' ఆ వాక్యంలోనే మూడో మాట పెట్టించండి. 'పువ్వు అన్నా ఏమన్నా ఒకటే?' కింద ఇచ్చిన జవాబులు అప్పటిదాకా చూడనీయొద్దు.

రెండు: ఎర ఎక్కడుందో చూపించండి. తోట, మొగ్గ, సుమం, వాసన అని నాలుగిస్తారు. తోట పువ్వుండే తావు, మొగ్గ పువ్వుకు ముందరిది, వాసన పువ్వుకుండేది. పువ్వే అయిన మాట సుమం ఒక్కటే. తప్పు జవాబు ఎందుకు తప్పో బిడ్డ నోటితోనే చెప్పించాల.

మూడు: ఏ దిక్కునుంచి ఏ దిక్కుకు పోతున్నామో గమనించాల. గృహం : ఇల్లు :: ఉదకం : ? అని అడిగి జలం, నీళ్ళు రెండూ ఇస్తే? రెండూ పర్యాయపదాలే. మొదటి జంట సంస్కృతం నుంచి ఇంటి మాటకు వచ్చింది. కాబట్టి నీళ్ళు.

నాలుగు: ఒకటే కావడం వేరు, ఎక్కువ తక్కువ వేరు. వాన, వర్షం ఒకటే. చినుకు, కుంభవృష్టి ఒకటి కాదు. ఒకటి చిన్నది, ఇంకొకటి పెద్దది.

ఐదు: ప్రతి మాటకూ మూడు మెట్లు కట్టించండి. మడక, నాగలి, హలం. ఎనుము, గేదె, మహిషం. 2020 తర్వాత పుస్తకాలు ఒక పేజీ తెలుగు, ఒక పేజీ ఇంగ్లీషుగా వచ్చినాయి గదా, నాలుగో మెట్టు ప్లవ్, బఫెలో. కింది మెట్టు పీకేసి మూడో మెట్టు ఎక్కమంటే ఏ బిడ్డ ఎక్కుతుంది?

మన డిమాండ్లు

1937 నాటి శ్రీబాగ్ ఒడంబడికలో విశ్వవిద్యాలయం ఉంది, నీళ్ళున్నాయి, రాజధాని, హైకోర్టు ఉన్నాయి. బళ్ళో మన మాటకు చోటు గురించి ఒక్క ముక్క లేదు. ఆ పెద్దలకు అప్పుడు ఆ అవసరం తోచలేదేమో. మనకు తోచింది, కాబట్టి అడుగుదాం. 2014లో రాష్ట్రం రాగానే తెలంగాణ తన కవులనూ, పండుగలనూ పాఠ్యపుస్తకాల్లోకి తెచ్చుకుంది. మన పిలకాయల మాట పుస్తకంలోకి రావడానికి రాష్ట్రం వచ్చేదాకా ఆగాల్సిన పని లేదు.

ప్రవేశ పరీక్షల్లో ప్రాంతానికో మాట ఉన్న చోట రెండు మాటలూ అచ్చు వేయాల. 'నాగలి / మడక' అని వేస్తే ఒక్క గీత ఖర్చు, అంతే. ప్రశ్నలు రాసే బృందంలో సీమ పల్లె బడుల పంతుళ్ళు ఉండాల. పుస్తకంలో పర్యాయపదాల వరసలో తెలుగు మాట ముందు, సంస్కృతం మాట తర్వాత రావాల.

పని చేయడానికి మనుషులకు కరువు లేదు. కార్వేటినగరంలో ఉపాధ్యాయ శిక్షణ సంస్థ ఉంది. తిరుపతిలో 1954 నుంచి వెంకటేశ్వర విశ్వవిద్యాలయం ఉంది. కుప్పంలో 1997 నుంచి ద్రావిడ విశ్వవిద్యాలయం ఉంది. శిక్షణకు వచ్చిన ఒక్కొక్కరూ తమ ఊరినుంచి వంద మాటలు తెస్తే, తెలుగు శాఖలు వాటిని సరిచూస్తే, ఒక్క ఏడాదిలో ప్రతి బడికీ ఒక చిన్న పుస్తకం తయారు. ప్రభుత్వం కదలకపోతే మనమే రాసుకుందాం, మనమే జెరాక్సు తీయించి పంచుదాం. ఊరేగింపుకు వచ్చిన విద్యార్థులు నెలకు రెండు ఆదివారాలు సొంతూరి బడికి పోలేరా? పెన్‌డౌన్ చేసిన ఉద్యోగులు ఒక పెన్ను పట్టి పది ప్రశ్నలు రాయలేరా?

ఆ పదిలో మొదటిది ఇప్పుడే రాసుకోండి.

సీమ : రాయలసీమ :: మడక : ?

జవాబు నాగలి అని రాసిన బిడ్డకూ, హలం అని రాసిన బిడ్డకూ మార్కు వేయండి. మడక అన్న బిడ్డను మాత్రం ఇకమీదట ఎవరూ బెంచీ ఎక్కించడానికి లేదు.