‘ఖాళీగా వున్న’ పది కోట్ల మంది

అమెరికాలో 16 ఏళ్ళు దాటిన వారిలో సుమారు 10 కోట్ల మంది శ్రామికశక్తిలో లేరు. ఈ అంకె బయటకు వచ్చినప్పుడల్లా అక్కడి రాజకీయ నాయకులూ, పత్రికల్లో వ్యాసాలు రాసే పెద్దమనుషులూ ఒకటే ప్రశ్న వేస్తారు: కాళ్ళూ చేతులూ బాగానే వున్న ఇంతమంది ఎందుకు పని చెయ్యటం లేదు? జవాబులు కూడా వాళ్ళే చెప్పుకుంటారు. సోమరితనం పెరిగిందట, ప్రభుత్వ సాయానికి అలవాటు పడ్డారట, మగవాళ్ళు టీవీల ముందు కూర్చుండిపోయారట. అసలా ప్రశ్నే తప్పని నా వాదన. వీళ్ళు రోజంతా చేస్తున్నది పని కాదని నిర్ణయించింది ఎవరు, అలా నిర్ణయించటం వల్ల ఎవరికి లాభం అని మనం అడగాలి.

ముందు ఈ లెక్క ఎలా తీస్తారో చూద్దాం. ప్రతి నెలా కొన్ని వేల కుటుంబాలను సర్వే చేస్తారు. ఆ వారంలో డబ్బు తీసుకుని ఒక్క గంట పని చేసినా ఆ మనిషి పనిలో వున్నట్టే. కుటుంబ దుకాణంలోనో, సొంత పొలంలోనో జీతం లేకుండా 15 గంటలు పని చేసినా పనిలో వున్నట్టే. పని లేకపోయినా గడిచిన నాలుగు వారాల్లో వెతికివుంటే నిరుద్యోగి, అంటే శ్రామికశక్తిలో భాగమే. ఇందులో దేనికీ చెందనివాళ్ళంతా బయట. మంచం పట్టిన అత్తగారికి పొద్దున్నుంచి రాత్రిదాకా సేవ చేసే కోడలు బయట. ఆమె అదే సేవను పక్కింటి ముసలమ్మకు డబ్బు తీసుకుని వారానికి ఒక్క గంట చేస్తే లోపల. పనిలో తేడా లేదు. డబ్బు ముట్టిందా లేదా అన్నదే తేడా. మన దేశపు సర్వేల్లో ఇంటిచాకిరీ చేసే ఆడవాళ్ళకు 92 అనే కోడు వేసి పక్కన పెట్టేస్తారని ఈ పత్రిక పాఠకులకు కొత్తగా చెప్పనక్కరలేదు. అంత సంపన్న దేశం కూడా మనకన్నా ఒక్క అడుగు ముందుకు వెయ్యలేదు.

ఈ 10 కోట్ల మందిలో సగం మంది దాకా రిటైరైన వృద్ధులే. మరికొందరు చదువుకుంటున్నవాళ్ళు. వాళ్ళందరినీ కలిపి పెద్ద అంకె చూపించి భయపెట్టటం ఒక ఎత్తుగడ. 25 నుంచి 54 ఏళ్ళ మధ్య వాళ్ళను తీసుకుంటే మగవాళ్ళు ఎక్కువగా చెప్పే కారణం జబ్బు లేదా వైకల్యం. ఆర్థికవేత్త అలన్ క్రూగర్ 2017లో ప్రచురించిన పరిశోధన ప్రకారం ఈ వయసులో శ్రామికశక్తికి బయట వున్న మగవాళ్ళలో దాదాపు సగం మంది రోజూ నొప్పి మాత్రలు మింగుతున్నారు. ఇక జైళ్ళలో వున్నవాళ్ళను ఈ లెక్కలోకే తీసుకోరు. వాళ్ళు విడుదలయ్యాక, జైలుకెళ్ళొచ్చిన మనిషికి ఎవరూ పని ఇవ్వక, వెతికి వెతికి విసిగి మానేస్తే మాత్రం సోమరుల జాబితాలో చేరుస్తారు. వాళ్ళలో నల్లజాతివాళ్ళు తమ జనాభా నిష్పత్తి కన్నా చాలా ఎక్కువ.

అదే వయసు ఆడవాళ్ళు ఎక్కువగా చెప్పే కారణం ఇల్లు, పిల్లలు, ముసలివాళ్ళు. ఆ జబ్బు మగవాళ్ళకు వండి పెట్టేదీ, వేళకు మందులిచ్చేదీ కూడా చాలా ఇళ్ళలో వీళ్ళే.

ఈ భారం ఆకాశం నుంచి వూడిపడలేదు. దేశమంతటా పిల్లల సంరక్షణ కేంద్రాలు ఏర్పాటు చేసే బిల్లును అమెరికన్ కాంగ్రెసు 1971లో ఆమోదించింది. పిల్లల పెంపకంలో కుటుంబం స్థానాన్ని సామూహిక పద్ధతులు ఆక్రమిస్తాయంటూ ఆ డిసెంబరులో అధ్యక్షుడు నిక్సన్ దానిని వీటో చేశాడు. తరవాత 22 ఏళ్ళకు, 1993లో సెలవు చట్టం వచ్చింది. అదీ 12 వారాలే, అదీ జీతం లేకుండా, అదీ 50 మందికి పైగా పని చేసే సంస్థల్లో. జీతంతో కూడిన ప్రసూతి సెలవును దేశవ్యాప్త హక్కుగా ఆ దేశం ఇప్పటికీ ఇవ్వలేదు. స్త్రీలు శ్రామికశక్తిలో పాల్గొనటంలో 1990లో 22 సంపన్న దేశాలలో 6వ స్థానంలో వున్న అమెరికా 2010 నాటికి 17వ స్థానానికి దిగజారిందని ఫ్రాన్సిన్ బ్లౌ, లారెన్స్ కాన్ చూపించారు. ఈ వెనకబాటులో దాదాపు 30 శాతానికి కారణం మిగతా దేశాలు సెలవులూ, పార్ట్‌టైం హక్కులూ పెంచుకుంటూ పోవటమే. (ఆ హక్కులు ఆడవాళ్ళను చిన్న వుద్యోగాలకే పరిమితం చేసే ప్రమాదం గురించి కూడా వాళ్ళు రాశారు. అది మరోసారి చర్చించుకుందాం.) 2020లో కోవిడ్ వల్ల బడులు ఇళ్ళలోకి వచ్చాయి. ఆ ఒక్క సెప్టెంబరు నెలలోనే సుమారు 8,65,000 మంది స్త్రీలు శ్రామికశక్తి నుంచి తప్పుకున్నారు. అదే నెలలో తప్పుకున్న మగవాళ్ళు సుమారు 2,16,000. ఈ స్త్రీలకు హఠాత్తుగా సోమరితనం పట్టుకుందా?

ఇంతకన్నా కపటం ఇంకొకటుంది. డబ్బున్న ఇంటి తల్లి వుద్యోగం మానేసి పిల్లల్ని పెంచుకుంటే మాతృత్వం. పేద తల్లి, అందులోనూ నల్లజాతి తల్లి, అదే పని చేస్తే పరాన్నజీవనం. లాండ్రీలో పని చేసి ఆరుగురు పిల్లల్ని పెంచిన జానీ టిల్‌మన్ సంక్షేమ హక్కుల వుద్యమ నాయకురాలు. ఇంట్లో ఆడవాళ్ళు చేస్తున్న పనికే బతకటానికి సరిపడా వేతనం ఇవ్వమని ఆమె 1972లోనే రాసింది. జవాబుగా 1996లో వచ్చిన చట్టం, పేద కుటుంబాలకు 1935 నుంచీ వున్న నగదు సహాయ హక్కును రద్దు చేసి, పనిని షరతుగా పెట్టి, జీవితకాలంలో అయిదేళ్ళకు మించి కేంద్ర సాయం లేదు పొమ్మంది.

2025 జులైలో సంతకమైన చట్టం ఆ షరతును పేదల ఆరోగ్య బీమా అయిన మెడికెయిడ్‌కు కూడా తగిలించింది. నెలకు 80 గంటలు పనో, చదువో, సమాజసేవో చేస్తున్నట్టు చూపించాలి. అమలుకు రాష్ట్రాలకు ఇచ్చిన గడువు 2027 జనవరి 1. 13 ఏళ్ళు, అంతకు లోపు వయసు పిల్లలున్నవాళ్ళకూ, వైకల్యం వున్నవాళ్ళను చూసుకునేవాళ్ళకూ మినహాయింపు ఇచ్చామంటారు. కాగితాలతో రుజువు చేసుకోలేని మినహాయింపు వున్నా ఒకటే, లేకపోయినా ఒకటే. ఆర్కన్సా రాష్ట్రం 2018లో ఇలాంటి నిబంధనే పెడితే కొద్ది నెలల్లో సుమారు 18,000 మంది బీమా కోల్పోయారు. నిబంధన వర్తించినవాళ్ళలో అత్యధికులు అప్పటికే పని చేస్తున్నవాళ్ళు, లేదా మినహాయింపుకు అర్హులు. వుద్యోగాలు చేసేవాళ్ళ సంఖ్య మాత్రం పెరగలేదు.

‘పని చెయ్యండి’ అని ఇలా బెదిరించే ప్రభుత్వమే కొంతమంది స్త్రీలను పని చెయ్యకూడదని చట్టం పెట్టి ఆపుతుంది. వాళ్ళలో మన ఆడపిల్లలు చాలామంది. హెచ్-1బి వీసా మీద వెళ్ళిన భర్త వెంట హెచ్-4 వీసా మీద వెళ్ళిన భార్య వుద్యోగం చెయ్యటానికి వీల్లేదు. 2015లో కొంత సడలించి, గ్రీన్‌కార్డు దారిలో భర్త ఒక మెట్టు ఎక్కితే భార్య అనుమతి అడగవచ్చన్నారు. అలా అనుమతి పొందినవాళ్ళలో పదింట తొమ్మిది మందికి పైగా స్త్రీలే. దాదాపు అంతమందీ భారతీయులే. ఆ మెట్టు దాకా చేరనివాళ్ళకు, ఇంజనీరింగు చదివినా, ఎమ్మెస్సీ చదివినా, వంటిల్లే. విడాకులైతే ఆ దేశంలో వుండే అర్హతే పోతుంది. దెబ్బలు తింటున్న భార్య నోరు విప్పకపోవటానికి ఇంతకన్నా కారణం కావాలా? ఇక్కడ చుట్టాలు మాత్రం ‘మా అమ్మాయికేం, అక్కడ హాయిగా ఖాళీగా వుంది’ అని చెప్పుకుంటారు.

ఆ అమ్మాయికి వుద్యోగం వుంటే కాన్పు సమయానికి మరో స్త్రీ కావాలి. తొలి కాన్పు పుట్టింట్లో జరగటం మన ఆనవాయితీ. ఇప్పుడు పుట్టిల్లే విమానమెక్కుతోంది. అరవై ఏళ్ళ తల్లి శొంఠిపొడీ, కారప్పొడులూ మూటకట్టుకుని వెళ్ళి, బాలింతకు పథ్యం వండి, పసిబిడ్డకు నూనె రాసి నీళ్ళు పోసి (సాంబ్రాణి వెయ్యబోతే పొగ అలారం మోగుతుంది), రాత్రిళ్ళు మేలుకుని ఆరు నెలలు చాకిరీ చేస్తుంది. ఆమె గడువు తీరేసరికి అత్తగారు దిగుతుంది. అక్కడి యజమాని ఇవ్వని సెలవును గుంటూరు నుంచీ, కరీంనగర్ నుంచీ వెళ్ళిన ఈ ఇద్దరు ముసలివాళ్ళు తమ కీళ్ళనొప్పులతో పూరిస్తున్నారు. అమెరికా లెక్కలో వీళ్ళు సందర్శకులు. ఇక్కడి లెక్కలో వూళ్ళో లేనివాళ్ళు. ఇంటి దగ్గర మొగుడి బీపీ మాత్రలు ఎవరు చూస్తారన్న బెంగ కూడా వాళ్ళదే.

విమానం దిగగానే అక్కడి అధికారి ఎందుకొచ్చావని అడుగుతాడు. ‘పని’ అన్న మాట మాత్రం నోట రానివ్వద్దనీ, ‘కూతుర్ని చూసి పోదామని’ అంటే చాలనీ పిల్లలు ఫోనులో పదిసార్లు నేర్పి మరీ రప్పించుకుంటారు.