దస్తావేజు సంగతి యజమానికి చెప్పరేం?

అమెరికాలో ఇల్లు కొన్నాక డీడ్ కౌంటీ ఆఫీసులో రికార్డయితే, ఇక ఆ ఇంటికి ప్రభుత్వమే పూచీ అనుకోవడం మామూలే. అలాంటి పూచీ ఏదీ లేదు. టెక్సస్‌లో కౌంటీ క్లర్కయినా, కాలిఫోర్నియాలో కౌంటీ రికార్డరయినా చూసేది కాగితం తీరునే: సంతకం ఉందా, నోటరీ ధ్రువీకరణ ఉందా, ఫీజు కట్టారా. రాసిచ్చినవాడికి ఆ ఇంటిమీద హక్కుందో లేదో తేల్చడం వాళ్ల పని కాదు. మన సబ్‌రిజిస్ట్రార్ల సంగతీ అంతే. అమ్మేవాడి హక్కును రిజిస్టరింగ్ అధికారి తేల్చజాలడని 2025 ఏప్రిల్‌లో తమిళనాడు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అసలు నమోదు ఉద్దేశమే వేరు: మసాచుసెట్స్ వలసవాసులు 1640లో డీడ్ల నమోదుకు చట్టం చేసింది, ఒకే భూమిని గుట్టుగా ఇద్దరికి అమ్మకుండా చూడటానికి. ఆ పని నేటికీ బాగానే సాగుతోంది. రికార్డయిన డీడ్ లోకమంతటికీ తెలిసినట్టేనని చట్టం లెక్కగడుతుంది. కానీ అందరికంటే ముందు తెలియాల్సిన యజమానికి మాత్రం కబురు పంపాలన్న నియమం చాలాచోట్ల లేదు.

దొంగ సంతకంతో పుట్టిన డీడ్ రికార్డయినా చెల్లదు. నిజమే, కానీ దాన్ని కొట్టేయించడానికి లాయరు ఫీజు పెట్టుకుని కోర్టు మెట్లెక్కాల్సింది యజమానే. ఖాళీ స్థలం, అప్పు తీరిపోయిన ఇల్లు, యజమాని దూరాన ఉన్న ఇల్లు మోసగాళ్లకు అనువైనవి. టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఇల్లు అద్దెకిచ్చి హైదరాబాద్ వచ్చేసిన కుటుంబం ఈ కోవలోదే. నోటరీ ఉన్నాడు కదా అంటారు. దొంగ గుర్తింపు కార్డు అతణ్నీ బోల్తా కొట్టించగలదు. టైటిల్ ఇన్సూరెన్స్ (ఆస్తి హక్కుకు బీమా) ఉంది కదా అంటారు. బ్యాంకు పట్టుబట్టి కట్టించే పాలసీ బ్యాంకు అప్పును కాపాడటానికి. యజమాని విడిగా తీసుకునే సాధారణ పాలసీ కూడా ఎక్కువగా కొనుగోలుకు ముందున్న లోపాలకే వర్తిస్తుంది, తర్వాత జరిగే ఫోర్జరీకి కాదు.

అలాగని హక్కులు తేల్చే అధికారం క్లర్కుకు ఇమ్మనడం లేదు. ఇస్తే జాప్యం, దానివెంట చేతివాటం ఎలా వస్తాయో తెలుగువాళ్లకు వేరే చెప్పాలా? అడిగేదల్లా ఒక ఉత్తరం. లాస్ ఏంజిల్స్ కౌంటీ ఏళ్లుగా డీడ్ నకలును యజమానికి తపాలాలో పంపుతోంది. మిగతా కౌంటీలూ దీన్ని తప్పనిసరి చేయాలి. ఖర్చు రికార్డింగ్ ఫీజులో కలుపుకోవచ్చు. కొత్త డీడ్‌లో మోసగాడు తన చిరునామా రాసుకుంటాడు కనుక ఉత్తరం పాత చిరునామాకూ వెళ్లాలి. రికార్డయ్యాక తెలిసి ఏం లాభమన్న ప్రశ్న సబబే. అయితే ఆ డీడ్ చూపి అప్పు తెచ్చేలోపు, ఇంకొకరికి అమ్మేలోపు తెలిస్తే నష్టం చాలావరకు ఆగుతుంది. అందాకా, చాలా కౌంటీలు ఉచితంగా ఇస్తున్న మోసాల హెచ్చరిక సేవలో మీరే నమోదు చేసుకోండి. ఈ సేవలు ఎక్కువగా పేరును బట్టే పనిచేస్తాయి. మన ఇంటిపేరు ఒక కాగితంలో ముందు, మరోదాంట్లో వెనక ఉంటుంది. డీడ్‌లో ఎలా అచ్చయిందో అలాగే ఇవ్వండి, మిగతా రూపాలనూ చేర్చండి.